ఇంగ్లీషు వచ్చేదాకా ఆగమనకండి

అందరికీ నమస్కారం. కడపలో పెద్దవాళ్లకు సాయంత్రం క్లాసులు చెప్పడానికి ముందుకొచ్చిన మీకు నేను చెప్పదలచింది ఒక్కటే. ‘ముందు ఇంగ్లీషు రానీ, కంప్యూటర్ తర్వాత చూద్దాం’ అని ఎవరినీ వెనక్కి పంపకండి. రెండూ కలిపే నేర్పాలి.

వచ్చేవాళ్లెవరో చూడండి. వై.వి. స్ట్రీట్ షాపుల్లో పనిచేసేవాళ్లు, డ్వాక్రా సంఘం లెక్కలు రాసేవాళ్లు, భర్త కువైట్‌లో ఉంటే ఇక్కడ బ్యాంకు పనులన్నీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చే ఆడవాళ్లు. లోకం తెలిసిన మనుషులు. ‘ఏ ఫర్ యాపిల్’ దగ్గర మొదలుపెడితే రెండో రోజు రారు.

అసలు చిక్కు కీబోర్డు మీదే ఉంది. మన లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడా లేదు. కీ మీద ఉండేది పెద్ద ‘జీ’, నొక్కితే తెర మీద పడేది చిన్న ‘జీ’. రెండింటికీ పోలికే కనపడదు. తప్పు నొక్కాననుకుని నేర్చుకునే ఆమె చెరిపేస్తుంది, మళ్లీ నొక్కుతుంది, మళ్లీ చెరిపేస్తుంది. పైగా అక్షరాలు వరసగా ఉండవు, 1870ల నాటి టైప్‌రైటర్ అమరిక అది. అందుకే మొదటి రోజే పెద్ద అక్షరం పక్కన చిన్నది రాసి కాగితం చేతికివ్వండి. తర్వాత ఎవరి పేరు వాళ్లతో కొట్టించండి. షిఫ్ట్ పట్టుకుని మొదటి అక్షరం, వదిలేసి మిగతావి. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే కొట్టించండి, ఫారాల్లో అది తేడా వస్తే పనులు ఆగిపోతాయి.

పాస్‌వర్డ్ దగ్గర అందరికీ టెన్షనే. కొట్టింది కనపడదు, చుక్కలు పడతాయి. పక్కన కన్ను బొమ్మ ఉంటే నొక్కి చూసుకోమనండి. క్యాప్స్ లాక్ పడి ఉంటే సరైన పాస్‌వర్డూ తప్పనే వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న మాట మాత్రం ఆ రోజే చెప్పేయండి.

మౌస్ వాళ్ల చేతిలోంచి దయచేసి లాక్కోకండి. డబుల్ క్లిక్ కుదరకపోతే ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి, ఫైలు తెరుచుకుంటుంది.

పల్లెల్లో వాళ్లకు కంప్యూటర్, ఫోన్ వాడకం నేర్పడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టి 2024 దాకా నడిపిన పీఎంజీదిశ పథకంలో శిక్షణ 20 గంటలు ఉండేది. ఇంగ్లీషు అక్షరాలే కొత్తగా దిద్దుకునేవాళ్లకు అది చాలదని నా అభిప్రాయం. ఎక్కువ రోజులు పట్టినా పట్టనీయండి. కంప్యూటర్లు తక్కువుంటే బ్యాచ్‌లు పెంచండి. ఒకదాని ముందు ఇద్దరిని కూర్చోబెడితే ఒకరు చేస్తారు, ఇంకొకరు చూసి వెళ్లిపోతారు.