నలుసు తీసే చేయి: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: అందరికీ వందనాలు. మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పాస్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత: వందనాలు అయ్యగారూ. మా ప్రార్థన కూడికకి ఒక సిస్టర్ వస్తారు. సాక్ష్యం చెప్పేటప్పుడు ప్రేమ, క్షమాపణ అంటూ చాలా బాగా మాట్లాడతారు. ఇంట్లో మాత్రం సొంత అత్తగారితో మాటల్లేవు. ఆవిడ లేచి నిలబడగానే నాకు కోపం వచ్చేస్తోంది. ఈ మధ్య ప్రార్థన మీద మనసే నిలవడం లేదు. ఈ వేషధారణ ఎలా భరించాలండీ?

పాస్టర్: ఈ సంగతి ఆవిడతో ఎప్పుడైనా మాట్లాడారా అమ్మా?

శ్రోత: లేదండీ. నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను.

పాస్టర్: వేరే ఎవరితోనైనా?

శ్రోత: ఇద్దరు ముగ్గురితో అన్నాను. అంటే... ఆవిడ కోసం ప్రార్థన చేయమని చెప్పాను.

పాస్టర్: నిజం చెప్పారు, సంతోషం. మన సంఘాల్లో చాడీలు ఎక్కువగా ప్రార్థన మనవి రూపంలోనే తిరుగుతాయి. నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను. ప్రసంగం రాసుకుంటూ 'ఈ మాట ఫలానా వాళ్ళకి బాగా తగలాలి' అనుకున్న రోజులు నాకున్నాయి. ఆ ప్రసంగాల్లో వాక్యం నాతో ఏమీ మాట్లాడలేదు.

మీరు వేషధారణ అన్నారు కదా. మత్తయి 7వ అధ్యాయంలో యేసు ప్రభువు 'వేషధారీ' అని పిలిచింది ఎవరిని? కంట్లో నలుసు ఉన్నవాణ్ణి కాదమ్మా, తన కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి నలుసు తీస్తానని బయలుదేరినవాణ్ణి. గ్రీకులో ఆ మాటకి నాటకంలో వేషం కట్టేవాడు అని అర్థం. దూలం అంటే ఇంటి కప్పుని మోసే పెద్ద మాను. అంతది కంట్లో ఉన్నా వాడికి తెలియడం లేదు.

దావీదు రాజుకి కూడా అలాగే తెలియలేదు. ఊరియా అనే సైనికుడి భార్య బత్షెబతో పాపం చేసి, ఊరియాని యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి, ఒక ధనవంతుడు బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లని లాక్కున్నాడని చెబితే రాజు మండిపడ్డాడు. వాడు మరణపాత్రుడు, నాలుగంతలు కట్టాలి అన్నాడు. అప్పటికి ఊరియా చనిపోయాడు, బత్షెబకి బిడ్డ కూడా పుట్టాడు. అంటే అన్ని నెలలు తన పాపం పక్కన పెట్టుకుని సింహాసనం మీద కూర్చుని తీర్పులు చెబుతూనే ఉన్నాడు. ఎదుటివాడి తప్పు మీద కోపం వచ్చినంత మాత్రాన మనం నీతిమంతులం అయిపోం. 'ఆ మనుష్యుడవు నీవే' అనే మాట విన్నాకే దావీదు 'నేను పాపము చేసితిని' అనగలిగాడు.

శ్రోత: అయితే నేను చూసింది తప్పంటారా?

పాస్టర్: మీరు చూసింది నిజమే కావచ్చు. నలుసు కూడా నిజంగానే ఉంది కదా, ప్రభువు లేదనలేదు. మొదట నీ దూలం తీసుకో, అప్పుడు నీకు తేటగా కనబడుతుంది అన్నాడు. కంట్లో నలుసు పడితే ఎవరిచేత తీయించుకుంటాం చెప్పండి? ఊపిరి బిగబట్టి, చేయి వణక్కుండా, మెల్లగా తీసేవాళ్ళచేత. కోపంతో వచ్చే చేతికి ఎవరూ కన్ను అప్పగించరు. అందుకే గలతీ 6:1లో పౌలు సాత్వికమైన మనసుతో సరిదిద్దమన్నాడు, నిన్ను నీవే చూసుకుంటూ అని కూడా అన్నాడు.

శ్రోత: మరి ఇప్పుడు ఏం చేయమంటారు?

పాస్టర్: ముందు ఆ ఇద్దరు ముగ్గురికీ ఫోన్ చేసి, 'నేను అలా అనకుండా ఉండాల్సింది' అని చెప్పండి. కష్టంగానే ఉంటుంది. తర్వాత 139వ కీర్తన చివరి రెండు వచనాలు మీ గురించే ప్రార్థనగా చదవండి. మీరు మాట్లాడడం మానేసిన మనిషి ఎవరైనా ఉన్నారేమో అక్కడ ఆలోచించండి.

శ్రోత: ...ఉన్నారండీ. మా చెల్లెలు.

పాస్టర్: అయితే ఆ సిస్టర్ దగ్గరికి వెళ్ళేముందు చెల్లెలి దగ్గరికి వెళ్ళండమ్మా. ఆ తర్వాత ఆవిడతో మీరు మాట్లాడే మాటే వేరుగా ఉంటుంది.

వ్యాఖ్యాత: ఇంకొక కాల్. హలో?

శ్రోత: వందనాలు సర్. మా సంఘంలో కానుకల లెక్కలు అడిగితే 'తీర్పు తీర్చకుడి' అంటున్నారు. అడగడం తప్పా?

పాస్టర్: కాదు బాబూ. ఆ వచనం నోరు మూయించడానికి ఇచ్చింది కాదు. న్యాయమైన తీర్పు తీర్చమని యోహాను 7:24లో ప్రభువే అన్నాడు. యెరూషలేములోని విశ్వాసుల కోసం చందా పంపేటప్పుడు పౌలు ఎవరూ తప్పు పట్టకూడదని తన తోటి పనివాడు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న మరో సహోదరుణ్ణి కూడా పంపాడు. 2 కొరింథీ 8లో ఉంది చూడండి. ఎవరినైనా హింసిస్తున్నా, డబ్బు తినేస్తున్నా మౌనంగా ఉండమని బైబిల్ ఎక్కడా చెప్పలేదు. మర్యాదగా, వాళ్ళ ముఖం మీదే అడగండి. మీకూ సంఘంలో ఏదైనా బాధ్యత ఉందా?

శ్రోత: యూత్ డబ్బు నా దగ్గరే ఉంటుంది సర్.

పాస్టర్: దాని లెక్క రాశారా?

శ్రోత: రాయాలి సర్. కొన్ని నెలలది మిగిలిపోయింది.

పాస్టర్: ముందు అది పూర్తి చేయండి. ఆ పుస్తకం అందరి ముందు పెట్టి, అప్పుడు వాళ్ళ లెక్కలు అడగండి.