మేడం చప్పట్లు కొట్టలేదు
(మహబూబ్‌నగర్‌లో ఒక సహోద్యోగి పదవీ విరమణ సభలో మాట్లాడిన మాటలు)

వేదిక మీదున్న పెద్దలకు, ఈ రోజు సన్మానం అందుకుంటున్న మా సూపరింటెండెంట్ సార్‌కు, సార్ ఇంటి నుంచి వచ్చిన మేడంకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకొని నిలబడ్డ అటెండర్ అన్నలకు నమస్కారం.

ఐదు నిమిషాలన్నారు. సార్ క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు, రాసుకొచ్చాను కూడా. కానీ ఇప్పుడే ఒకాయన, "సార్ సెలవు పెట్టడమే తక్కువ, 300 ఎర్న్డ్ లీవులు, ఈఎల్‌లు, నిండుగా ఉన్నాయి" అన్నారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతూ మేడం వైపు చూశాను. ఆమె కొట్టలేదు. అందుకే ఈ కాగితం మడిచి పెట్టేస్తున్నా.

సార్, ఈఎల్‌లు దాచుకుంటే రిటైరైనప్పుడు డబ్బులొస్తాయి, కాదనను. కానీ ఏటా మనకిచ్చే 15 సీఎల్‌లకు, అదే క్యాజువల్ లీవులకు, పైసా రాదు. డిసెంబర్ 31 దాటితే అవి మురిగిపోయినట్టే. ఐదు ఆప్షనల్ హాలిడేలదీ అదే గతి. వాటిని వదులుకొని మనం ఎవరిని ఉద్ధరిస్తున్నాం?

నేనూ మొదట్నుంచీ సెలవు పెట్టి ఊళ్లు తిరిగినదాన్నేం కాదు. పిల్లలమర్రి, ఆ పాత మర్రిచెట్టు, మనకు ఎంత దూరం? గట్టిగా నాలుగు కిలోమీటర్లు. పిల్లలు అడిగినప్పుడల్లా "వచ్చే ఆదివారం పోదాం" అనేదాన్ని. తీరా ఒక ఆదివారం తీసుకెళ్తే గేటు మూసి ఉంది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెట్టంతా చెదలు. 2018లో దానికి సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, పేపర్లలో ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఏడు వందల ఏళ్లని చెప్పుకునే చెట్టు, ఎక్కడికి పోతుందిలే అనుకున్నా. గేటు బయట మావాడు నా మొహం చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాతి జనవరి నుంచి పద్ధతి మార్చాను. గోడ క్యాలెండర్ రాగానే మొదట రెండో శనివారాలు, పండగలు, వాటి పక్కన ఎక్కడ సీఎల్ అతుకుతుందో ఎర్ర పెన్సిల్‌తో గీస్తాను. మార్చిని ముట్టుకోను. ఇక్కడ బిల్లుల టెన్షన్, ఇంట్లో పరీక్షల టెన్షన్. నెలకు ఒక్క రోజు నాది. ఆ రోజు టిఫిన్ బాక్సులు మా ఆయనవి. మొదట్లో పప్పు మాడింది, ఇప్పుడు మాడట్లేదు. "పిల్లల్ని ఎవరికి వదిలి వెళ్తున్నావమ్మా?" అని నన్నడిగిన వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. మా ఆయన క్యాంపుకు వెళ్తే ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆడమనిషి నెలకోసారి ఊరెళ్తే తిరుగుబోతు అన్నవాళ్లూ ఉన్నారు. పేర్లు చెప్పను, భోజనం చేసి వెళ్లండి.

అసలు చెప్పాలనుకున్నది మా అత్తమ్మ సంగతి. ఆమెకూ నా తిరుగుళ్లు నచ్చేవి కావు. ఒకసారి ఇంట్లో ఆమె దగ్గర ఉండేవాళ్లు లేక, నాతోనే ఆలంపూర్ తీసుకెళ్లాను. పొద్దున్నే రైలు, గద్వాల దాటాక ఆలంపూర్ రోడ్‌లో దిగి ఆటో. దారిలో, "ఎప్పుడూ ఊరు దాటలేదు కదా అత్తమ్మా" అన్నాను. నవ్వింది.

"నేను దాటనిదేంది బిడ్డా. పూనా పోయిన, బొంబాయి పోయిన. డ్యాముల కాడ మన్ను మోసిన. గుంపు మేస్త్రీ ఏడ దించితే ఆడ గుడిసె. తిరిగిన గానీ సూసిందేం లేదు."

మన పాలమూరు లేబర్‌కు తెలియని కాలువ పని దేశంలో లేదు. మీ ఇళ్లల్లోనూ బొంబాయి బస్సెక్కినవాళ్లు ఉండే ఉంటారు. ఆ మాట నాకు తెలుసు. కానీ నా ఎదురుగా కూర్చున్న మనిషికి అతికించుకొని ఎప్పుడూ ఆలోచించలేదు.

నవబ్రహ్మ ఆలయాలు తిరిగాం. బాదామి చాళుక్యులు కట్టించారని చెప్పబోతే ఆమె వినలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గర ఆగిపోయింది. శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోకుండా గుడిని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారని చెప్పాను. అప్పుడు రాయీ రాయీ కలిసే చోట వేలు పెట్టి, పైనుంచి కిందికి నడిపించింది. "అతుకు మంచిగ కుదిరింది" అంది. కాసేపాగి, "ఎంత కూలి ఇచ్చిండ్రో" అంది. అంత పెద్ద గుడి ముందు ఆ ప్రశ్న అడిగినవాళ్లను నేను ఇంకెవరినీ చూడలేదు. తర్వాత తుంగభద్ర మెట్ల మీద కూర్చొని నా పులిహోర తిని, ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.

ఇప్పుడు క్యాలెండర్ వస్తే నాకంటే ముందు పెన్సిల్ ఆమె తీస్తుంది. ఈసారి సోమశిల పోదామంటోంది.

టైం అయిందని సైగ చేస్తున్నారు, చూశాను. సార్, మీ గురించి ఏమీ చెప్పలేదు, క్షమించండి. మేడం, ఎక్కడికి పోదామనుకొని ఆగిపోయారో ఆ ఊరి పేరొకటి చెప్పండి, సార్ ఇక్కడే ఉన్నారు. అన్నా, మైకు కొంచెం అటు అందించు.