చెన్నై ఎండలో పడవ రిపేరు: ముందు హార్డ్‌నర్ చూడండి, తర్వాత ఫిల్లర్, ఆఖర్న రెజిన్ డబ్బా

నమస్కారం అండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చెన్నై కాసిమేడు చేపల రేవులో మరబోట్లు కదలవు, రిపేర్లన్నీ అప్పుడే మొదలవుతాయి. సరిగ్గా రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటాం కదా, ఆ ఎండలో ఎపాక్సీ కలపాలి, అంటే రెజిన్, హార్డ్‌నర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో కొట్టుకెళ్లి "మంచి ఎపాక్సీ ఇవ్వండి" అంటే ఏదో ఒక డబ్బా ఇస్తారు. ఆ డబ్బా మీద పేరు కంటే దాంతో వచ్చే హార్డ్‌నర్ ఏది, అందులో మీరు కలిపే పొడి, అంటే ఫిల్లర్, ఏది, ఈ రెండే మీ అతుకు నిలుస్తుందో ఊడుతుందో తేలుస్తాయి. ఈ వీడియో అంతా దాని గురించే.

అసలు ఎపాక్సీ అవసరమా అన్నది మొదటి ప్రశ్న. 2004 సునామీ తర్వాత ఈ తీరంలో కట్టుమరాలు తగ్గి ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. వాటిలో ఎక్కువ భాగం పాలియెస్టర్ రెజిన్‌తో పోసినవే. కొత్త పడవ పోసేటప్పుడు పాలియెస్టర్‌కి వంక పెట్టక్కర్లేదు, పొర మీద పొర పచ్చిగా ఉండగానే పడుతుంది కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పాత పడవ సంగతి వేరు. అక్కడ పూర్తిగా ఎండిపోయిన గోడ మీద కొత్త పొర అతకాలి. పాలియెస్టర్ గట్టిపడేటప్పుడు బాగా కుంచించుకుంటుంది, ఆ లాగుడుకి అంచుల్లో అతుకు సడలుతుంది. ఎపాక్సీ కుంచించుకోవడం చాలా తక్కువ, పట్టు ఎక్కువ. ధర పాలియెస్టర్‌కి రెట్టింపుకు పైగానే అవుతుంది, అయినా నీటి మట్టానికి కింద చిల్లు పడితే ఎపాక్సీకే ఖర్చు పెట్టండి. పైన జెల్‌కోట్, అంటే పడవ మీదుండే నున్నటి రంగు పొర, దాని గీతలకి, చిన్న చిన్న సొట్టలకి పాలియెస్టర్ చాలు.

ఒక్కటి గుర్తుంచుకోండి. పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టుకోదు. ఒకసారి ఎపాక్సీ వేశాక ఆ చోట మళ్లీ పాత పద్ధతికి పోకూడదు.

ఇక బల్ల మీదున్న డబ్బాలు. మన దగ్గర సులువుగా దొరికేవి రెండు జతలు: అరాల్డైట్ ఎల్‌వై 556తో హెచ్‌వై 951, లాపాక్స్ ఎల్-12తో కె-6. రెండింటికీ కొలత ఒకటే, 100 గ్రాముల రెజిన్‌కి 10 గ్రాముల హార్డ్‌నర్. తూకంలో అండి, కొలత గ్లాసులో కాదు. ఎందుకో చెప్తాను. రెజిన్ బరువు మిల్లీలీటరుకి సుమారు 1.15 గ్రాములు, హార్డ్‌నర్ 0.98 దగ్గర. 100 గ్రాముల రెజిన్ 87 మిల్లీలీటర్లు ఉంటుంది. గ్లాసు లెక్కన అందులో పదో వంతు, అంటే 8.7 మిల్లీలీటర్లు పోస్తే తూకంలో పడేది ఎనిమిదిన్నర గ్రాములే. 15 శాతం తక్కువ పడింది. ఎన్నాళ్లు ఎండలో పెట్టినా అది పూర్తిగా గట్టిపడదు, గోరు దిగుతూనే ఉంటుంది.

ఈ త్రాసు దగ్గరగా చూడండి. ఇది వంటింటి త్రాసు, ఒక్కొక్క గ్రామే చూపిస్తుంది. 30 గ్రాముల చిన్న మిశ్రమానికి 3 గ్రాముల హార్డ్‌నర్ కావాలి. తెర మీద 3 అని కనిపిస్తున్నా లోపల పడింది రెండున్నర కావచ్చు, మూడున్నరకి దగ్గర కావచ్చు. అంటే ఆరో వంతు తేడా. పక్కనున్నది 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు. రెజిన్‌లో డబ్బు మిగుల్చుకోవాలని చూసేవాళ్లు ముందు ఇది కొనుక్కోవాలి. ఇది లేకపోతే 100 గ్రాములకి తక్కువ ఎప్పుడూ కలపకండి.

పాలియెస్టర్ అలవాటున్న మేస్త్రీలు తొందరైతే కెటలిస్ట్ రెండు చుక్కలు ఎక్కువ వేస్తారు, అక్కడ అది చెల్లుతుంది. ఎపాక్సీలో చెల్లదు. ఇక్కడ హార్డ్‌నర్ రెజిన్‌తో లెక్క ప్రకారం జతకట్టే భాగం. ఎక్కువైతే మిగిలిపోయినది లోపలే జిడ్డుగా ఉండి నీటిని లాగుతుంది. త్వరగా కావాలంటే వేగం హార్డ్‌నర్, మెల్లగా కావాలంటే నెమ్మది హార్డ్‌నర్ మార్చుకోవాలి, కొలత మార్చకూడదు. వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్‌కి 205, 206, 209 లాంటి వేర్వేరు హార్డ్‌నర్లు ఉండేది ఇందుకే. 205 వేగం, 206 నెమ్మది, 209 మరీ నెమ్మది, వేడి ప్రాంతాలకి. మొదటి రెండిటికీ అయిదుకి ఒకటి, 209కి మూడుకి ఒకటి, ఇవి మాత్రం కొలత గ్లాసు లెక్కలు, తూకం కాదు. సెట్టు మారితే కొలత మారుతుంది, ఇది మరిచిపోవద్దు. పడవల కోసమే చేసిన ఎపాక్సీ ఏ కంపెనీదైనా సరే, "నెమ్మది హార్డ్‌నర్ ఉందా" అని అడిగి, ఉంటేనే మే నెలలో కొనండి.

ఎండ పది డిగ్రీలు పెరిగితే కప్పులో పని చేసుకునే సమయం దాదాపు సగమవుతుంది. డబ్బా మీద 25 డిగ్రీలకి రాసిన అరగంట, మన 35 డిగ్రీల్లో పావుగంట. ఇక్కడ రెండు మిశ్రమాలు పెట్టాం, రెండూ ఒకే తూకం, ఒకేసారి కలిపినవి. ఒకటి ఈ లోతు కప్పులో ఉంది, ఇంకొకటి వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసింది. కప్పు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, చూడండి. ఇంకాసేపటికి పొగ వస్తుంది, నడిమిన పగుళ్లు వస్తాయి, కప్పు కరుగుతుంది. పళ్లెంలోది ఇంకా తేనెలా జారుతోంది. గట్టిపడేటప్పుడు పుట్టే వేడి కప్పులో బయటకి పోలేక, ఆ వేడికే ఇంకా వేగంగా గట్టిపడి, మళ్లీ ఇంకా వేడి పుట్టిస్తుంది. అందుకే కలిపిన వెంటనే పళ్లెంలో పోసేయాలి. పొగ రావడం మొదలైన కప్పుని చేత్తో పట్టుకుని నిలబడకండి, ఆరుబయట ఇసుకలో పెట్టి దూరంగా జరగండి.

ఎల్‌వై 556, ఎల్-12 రెండూ చిక్కటి రెజిన్లు. హార్డ్‌నర్ నీళ్లలా పల్చన. అందుకే పైపైన తిప్పితే గోడకి, అడుగుకి అంటుకున్న రెజిన్ కలవకుండా మిగిలిపోతుంది. రెండు మూడు నిమిషాలు తిప్పండి, చదునైన పుల్లతో అడుగూ అంచులూ గీకుతూ. అద్దంలా గీతలు లేకుండా అయ్యేదాకా. చిక్కగా ఉందని థిన్నర్ పోయకండి, లోపల చిక్కిన థిన్నర్ గట్టిపడనివ్వదు. మన ఎండలో రెజిన్ దానంతట అదే పలచబడుతుంది, ఆ మేలైనా వాడుకోండి.

ఇప్పుడు ఫిల్లర్లు. రెజిన్, హార్డ్‌నర్ పూర్తిగా కలిశాకే పొడి వేయాలి.

మొదటిది సిలికా, ఏరోసిల్ అని అడుగుతారు. తెల్లగా, పొగలా తేలిపోతుంది, మాస్క్ పెట్టుకోకుండా మూత తీయకండి. 100 గ్రాముల మిశ్రమానికి మూడు నుంచి అయిదు గ్రాములు పడితే జారడం మానేస్తుంది. బరువు చూసి కొంచెమే అనుకుంటారు, ఘనపరిమాణంలో చూస్తే దాదాపు ఆ మిశ్రమమంత ఉంటుంది. దోశపిండిలా ఉంటే అతికించడానికి, గడ్డపెరుగులా నిలిస్తే మూలల్లో పూయడానికి. నిలువు చెక్క మీద ఉసిరికాయంత ముద్ద పెట్టి చూడండి. ఇది నిలబడింది, ఆ పక్కది జారుతోంది, దానికి ఇంకో చెంచా పడాలి. చెక్కలు అతికించడానికి, మూలలకి, బోల్టు రంధ్రాలు నింపడానికి సిలికానే. కానీ గట్టిపడ్డాక రాయి. దీంతో పెద్ద గుంటలు పూడ్చి తర్వాత రుద్దుదామనుకుంటే భుజాలు పోతాయి.

రుద్దే పనికి మైక్రోబెలూన్లు. కంటికి కనపడనంత చిన్న బోలు గోళీలు, గాజువి తెల్లగా, ఫినాలిక్‌వి ఇటుకరంగులో ఉంటాయి. 3ఎం గాజు బుడగల్లో కె1 అన్నది మిల్లీలీటరుకి 0.125 గ్రాములే, కె20 అయితే 0.2. ఒక కప్పు రెజిన్‌కి రెండు కప్పుల దాకా పడుతుంది, ఆఖర్న జారకుండా కొంచెం సిలికా. ఈ రెండు గట్టిపడ్డ ముక్కల మీదా ఒకే 80 నంబరు ఉప్పు కాగితం పది సార్లు రుద్దుతాను. బెలూన్ల ముక్క మీద పొడి పిండిలా రాలి గాడి పడింది. సిలికా ముక్క మీద మెరుపు పోయింది, అంతే. ఎంత సులువుగా రుద్దుకుపోతుందో అంత బలహీనం కూడా. బోల్టు దగ్గర, అడుగు దూలం దగ్గర, లాగుడు పడే ఏ చోటా బెలూన్లు వాడొద్దు. నీటిలో మునిగే చోట వాడితే రుద్దడం అయ్యాక పైన ఉత్త ఎపాక్సీ కనీసం రెండు పూతలు పడాలి. రుద్దేటప్పుడు తెగిన గోళీలు చిన్న చిన్న గిన్నెల్లా నోరు తెరుచుకుని ఉంటాయి కదా.

లోతైన పగులుకి, బలం కావాల్సిన గుంటకి తరిగిన గాజు నార కలపాలి. నార ఒక్కటే వేస్తే కిందికి జారుతుంది, దానికీ సిలికా తోడు. చెక్క పడవైతే మూలలకి మెత్తని చెక్కపొడి బాగుంటుంది, రంగు కలుస్తుంది.

వద్దు అనేది ఒకటుంది. టాల్కమ్, సుద్ద. కారు డెంటింగ్ లప్పంలో ఉండేది పాలియెస్టర్, టాల్కమ్. కారు డోరుకి మంచిదే. నీటి మట్టానికి కింద పూస్తే నీటిని పీల్చి ఉబ్బుతుంది, పైన రంగు పొక్కులు లేస్తాయి. పొక్కు పొడిస్తే లోపల తడి పిండి కనిపిస్తుంది. ఎంత చవకైనా పడవ అడుక్కి దాన్ని పెట్టకండి.

చిల్లు సంగతికి వద్దాం. ఆరు మిల్లీమీటర్ల మందం గోడలో పది సెంటీమీటర్ల చిల్లు అనుకోండి. ముందు రూపాయి బిళ్లతో చుట్టూ కొట్టి వినండి, ఖంగుమంటే బాగుంది, బొద్దుగా మోగితే పొరలు విడిపోయాయి, అక్కడిదాకా కోసేయాలి. అంచు ఏటవాలుగా రుద్దాలి, మందానికి పన్నెండు రెట్లు, అంటే ఒక్కో వైపు ఏడు సెంటీమీటర్లు పైచిలుకు. పది సెంటీమీటర్ల చిల్లు 24 సెంటీమీటర్ల వలయమవుతుంది. ఇంత పెద్దదా అని తగ్గించకండి, అతుకు బలమంతా ఆ ఏటవాలులోనే.

గుడ్డ విషయంలో చాలామంది పొరబడతారు. పాలియెస్టర్‌కి వాడే చాప్డ్ మ్యాట్, అంటే తరిగిన గాజు నార చాప, అందులో నారని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవంలో కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, మ్యాట్ మెత్తబడక మూలల్లో లేచి నిలబడుతుంది. లావు గాజు పోగులతో నేసిన రోవింగ్ గానీ, పోగుల్ని రెండు దిక్కుల్లో పేర్చి కుట్టిన బయాక్సియల్ గుడ్డ గానీ తీసుకోండి. 600 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 600 గ్రాములుండే గుడ్డ ఒక పొర చేతిపనిలో ముప్పావు మిల్లీమీటరు వస్తుంది, ఆరు మిల్లీమీటర్లకి ఎనిమిది పొరలు. చిల్లంత నుంచి వలయమంత దాకా పెద్దవవుతూ కోసిన గుండ్రటి ముక్కలన్నీ కలిపి 0.2 చదరపు మీటరు, గుడ్డ 120 గ్రాములు, దానికి రెజిన్ అంతే. తడిపే పూత, సిలికా ముద్ద కలుపుకుని 110 గ్రాముల మిశ్రమం రెండు సార్లు సరిపోతుంది. నాలుగు పొరలు వేసి ఆగండి. వేడి తగ్గాక, గోరు గుచ్చితే ఇంకా గుర్తు పడుతుండగానే మిగతా నాలుగు వేయండి. ఎనిమిదీ ఒకేసారి వేస్తే ఆ లోతు కప్పు కథే గోడ మీద జరుగుతుంది.

మర్నాడు ఉదయం పైన సబ్బు పొరలాంటి జిడ్డు కనిపిస్తే భయపడకండి. హార్డ్‌నర్‌లోని అమైన్, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే వచ్చేది అది. చెన్నై గాలిలో తప్పదు. ముందు మామూలు నీళ్లు, గరుకు స్క్రబ్బర్‌తో కడిగి, ఆరాక రుద్దండి. కడగకుండా రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది, పై పూత చాపలా లేచిపోతుంది. థిన్నర్ గుడ్డతో తుడిస్తే అది పోదు.

చెక్క పడవకి మొదటి పూత ఉదయం వద్దు, మధ్యాహ్నం దాటాక వేయండి. ఎండ ఎక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు పెడుతుంది, చల్లబడేటప్పుడైతే రెజిన్‌నే లోపలికి లాక్కుంటుంది. మంచు పడేలోపు టార్పాలిన్ కప్పాలి, పూతకి తగలకుండా.

రెండు జాగ్రత్తలు. హార్డ్‌నర్ చర్మానికి పదే పదే తగిలితే ఒకరోజు దద్దుర్లు మొదలవ్వచ్చు, ఆ ఎలర్జీ ఇక జీవితాంతం పోదు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, అంటితే సబ్బు నీళ్లు, థిన్నర్ మాత్రం కాదు. పాలియెస్టర్ కూడా వాడేవాళ్లు దాన్ని త్వరగా గట్టిపరిచే కోబాల్ట్‌నీ కెటలిస్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకండి, పేలుతుంది.

ఎపాక్సీ ఎండకి తెల్లబడి పొడి రాలుతుంది, పైన టూ-ప్యాక్, అంటే రెండు డబ్బాలు కలిపి వేసే, పాలీయూరిథేన్ పెయింట్ తప్పనిసరి. లేతరంగు వేయండి. గది వేడికి గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలెడతాయి, ముదురు రంగు డెక్ మే నెల ఎండలో ఆ వేడి సులువుగా దాటుతుంది. అతుకు వేసిన మర్నాడు నల్ల టార్పాలిన్ కప్పి ఒక పగలు ఉంచితే ఆ హద్దు కొంచెం పైకి జరుగుతుంది కూడా.

నీళ్లలోకి దించడానికి ఏడు రోజులు ఆగండి. కలిపిన ప్రతి మిశ్రమంలో కొంచెం కప్పు అడుగున వదిలి, దాని మీద తేదీ, ఏ పొరో రాసి పడవ నీడలోనే పెట్టండి. ఏడో రోజు ఆ బిళ్లలు తీసి సుత్తితో కొట్టండి. గాజులా పగిలితే పడవ దించండి. వంగినా, గోరు దిగినా, ఆ బిళ్ల మీద రాసిన పొర ఏదో చూసి అక్కడిదాకా మళ్లీ గీకేయాలి.