గోడ తీసేసిన పొగాకు కణాలకు వైరస్ ఎక్కించడం

నమస్కారం. పని మొదలుపెట్టే ముందు ఒక మాట. బీడీయో సిగరెట్టో తాగి వచ్చినవాళ్ళు సబ్బుతో చేతులు బాగా కడుక్కుని రండి. నవ్వకండి, ఇవాళ మనం వాడే, పొగాకు మొక్కకు తెగులు తెచ్చే టొబాకో మొజాయిక్ వైరస్ మొండిది, పొగాకు ఎండినా బతికే ఉంటుంది. అది మీ వేళ్ళ మీదుగా వైరస్ వెయ్యని కంట్రోల్ గిన్నెలోకి దూరితే రెండు రోజుల శ్రమ పోయినట్టే.

ఆకు మీద వైరస్ రుద్దితే సరిపోదా అని అడుగుతారు. రుద్దితే ఏవో కొన్ని కణాలకే అంటుతుంది, మిగతావాటికి తర్వాతెప్పుడో పాకుతుంది. ఏ గంటకు ఏం జరుగుతోందో తెలియాలంటే అన్నిటికీ ఒకేసారి అంటాలి. 1969లో జపాన్‌లో తకెబె, ఒత్సుకి అనే శాస్త్రవేత్తలు ఇది చేసి చూపించారు.

ఇదిగో, బాగా విచ్చుకున్న ఆకు. కాస్త వాడనిస్తే అడుగు పొర పట్టకారుకు సులువుగా ఊడి వస్తుంది. ముక్కలు చేసి ముందు మాసెరోజైమ్ అనే ఎంజైమ్‌లో వేస్తాం, కణాలు విడిపోతాయి. తర్వాత సెల్యులేజ్ అనే ఇంకో ఎంజైమ్‌లో వేస్తే కణం చుట్టూ ఉన్న గోడ కరిగిపోతుంది. చూశారా, గుండ్రటి పచ్చ బంతులు! ఇవే ప్రోటోప్లాస్టులు.

అసలు టెన్షన్ ఇక్కడే. గోడ లేని కణం మామూలు నీళ్ళు తగిలితే ఉబ్బి పగిలిపోతుంది. అందుకే ఎంజైమ్‌లైనా, కడిగే ద్రావణమైనా అన్నీ 0.7 మోలార్ మ్యానిటాల్‌లోనే, అంటే కణంలోకి నీళ్ళు చొరబడనివ్వని చక్కెర లాంటి పదార్థం కలిపిన నీళ్ళలోనే. కణాలను అడుక్కి దించే సెంట్రిఫ్యూజ్ కూడా 100 జీ (భూమి ఆకర్షణకు వంద రెట్లు) దగ్గర మెల్లగా తిప్పండి. సన్నమూతి పిపెట్ వద్దే వద్దు.

వైరస్ మీద రుణావేశం, కణం పొర మీదా రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. మధ్యవర్తి ధనావేశమున్న పాలీ-ఎల్-ఆర్నిథిన్. పీహెచ్ 5.2 సిట్రేట్ బఫర్‌లో ముందు వైరస్‌నీ ఈ ఆర్నిథిన్‌నీ కలిపి పది నిమిషాలు ఉంచండి, ఆ తర్వాతే కణాలకు చేర్చండి. చివరికి వైరస్, ఆర్నిథిన్ ఒక్కోటి మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ఉంటే చాలు. ఇంకో పది నిమిషాలకు కడిగేసి, వెలుతురులో ఒక రోజు పెంచుతాం.

మర్నాడు మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ (వైరస్‌ను గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) వేసి చూస్తే వైరస్ పట్టిన కణాలు వెలుగుతాయి. చచ్చిన కణాలు కూడా ఊరికే రంగు పీల్చి మెరుస్తాయి, వాటిని లెక్కలో కలిపేయకండి.