స్కిమ్మర్ వాల్వ్ తిప్పే ముందు సంప్ వైపు చూడండి

ఉప్పునీటి చేపల ట్యాంకులోని మురికిని నురగగా తీసి, పైనున్న కప్పులో పడేసే పరికరం స్కిమ్మర్. అది పెట్టి రెండు రోజులైనా కప్పులో చుక్క పడలేదని, నీరు బయటికి పోయే వాల్వ్ తిప్పుతారు. తెల్లారేసరికి కప్పు పొర్లిపోతుంది. మళ్లీ తిప్పుతారు. చివరికి "ఈ మోడల్ దండగండీ" అని తేల్చేస్తారు. ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. తప్పు మెషీన్‌ది కాదు, దాన్ని కుదురుకోనివ్వడం లేదంతే.

సముద్రం ఒడ్డున నురగ చూశారు కదా? అల విరిగినప్పుడు గాలి నీళ్లలో కలిసి సన్నటి బుడగలవుతుంది. ప్రొటీన్లు, కొవ్వుల్లాంటి వాటి అణువుల్లో కొంత భాగానికి నీళ్లంటే పడదు, అందుకని అవి బుడగ అంచుకి అతుక్కుంటాయి. ఆ బుడగలే నురగై ఒడ్డుకి చేరతాయి. స్కిమ్మర్‌లోనూ అచ్చం ఇదే జరుగుతుంది. అల పని పంపు చేస్తుంది, ఒడ్డు మన కప్పు. ఉప్పునీళ్లలో బుడగలు ఒకదాంట్లో ఒకటి తొందరగా కలిసిపోవు, అందుకే ఇంత సన్నటి నురగ వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది.

ఇక ఆటుపోట్లు. అవుట్‌లెట్ వాల్వ్ కాస్త మూస్తే లోపల నీటిమట్టం లేస్తుంది. అది పోటు. నురగ తడితడిగా ఎక్కి, కప్పులో లేత పసుపు నీళ్లు పడతాయి. తెరిస్తే ఆటు. నురగ మెడలో, అంటే కప్పు కిందున్న గొట్టంలో, ఎక్కువసేపు నిలిచి, నీరు కిందికి జారిపోయి, ముదురు గోధుమ రంగు మడ్డి మిగులుతుంది. పోటు మరీ ఎక్కువైతే సముద్రమే ఒడ్డెక్కుతుంది, కప్పు నిండా ట్యాంకు నీళ్లే.

అసలు సంగతి ఇక్కడుంది. స్కిమ్మర్ కూర్చునే కింది తొట్టిని సంప్ అంటారు. సంప్‌లో నీళ్లు ఆవిరై ఒక అంగుళం తగ్గాయనుకోండి. మీరు వాల్వ్ ముట్టకపోయినా లోపల ఆటు వచ్చేసినట్టే! నిన్న కుదిరిన సెట్టింగ్ ఇవాళ ఎందుకు పనిచేయదంటే ఇదిగో ఇందుకే. కాబట్టి ముందు సంప్ మట్టం కదలకుండా చూడండి. ఆవిరైనంత మంచినీళ్లు తనే నింపే ఆటో టాప్ ఆఫ్ పెట్టండి. ఎంత లోతు కావాలో మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, అంతే ఉంచండి.

తర్వాత గాలి ట్యూబ్ పూర్తిగా తెరవండి, వాల్వ్ కూడా పూర్తిగా తెరవండి. కొత్త స్కిమ్మర్ అయితే కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు అలా వదిలేయండి. ప్లాస్టిక్ మీది నూనె పోవాలి. ఆపైన రవ్వంత మూసి, ఒక రోజు ఆగి చూడండి. బుడగలు నురగగా మారే గీత మెడ అడుగున నిలకడగా కనిపిస్తే చాలు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. మేత వేసినా, ట్యాంకులో చెయ్యి పెట్టినా నురగ పడిపోతుంది, కొన్ని గంటల్లో తనే లేస్తుంది. మెడ లోపలి జిడ్డు రెండు మూడు రోజులకోసారి తుడవండి. గాలి ట్యూబ్ కొసన ఉప్పు పేరుకుంటే వేడినీళ్లతో కడగండి. పగడాలు అతికించే ఎపాక్సీ వాడినప్పుడు మాత్రం కప్పు విపరీతంగా పొంగుతుంది, వాల్వ్ బాగా తెరిచేయండి. అలా పొంగిన ప్రతిసారీ ట్యాంకులో ఉప్పు శాతం కొలవండి. పోయింది ఉప్పునీళ్లు, వాటి బదులు ఆటో టాప్ ఆఫ్ నింపింది మంచినీళ్లు.