పది సెకన్ల శిక్ష బరువెంత?

అందరికీ నమస్కారం. ఫార్ములా వన్ కారు రేసుల్లో శిక్షల గురించి మాట్లాడుకుందాం. నేరుగా 2025లో బార్సిలోనాలో జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రీ, 64వ ల్యాప్‌కి వెళ్దాం. ప్రమాదమప్పుడు అందరి ముందు నెమ్మదిగా నడిచే సేఫ్టీ కార్ అప్పుడప్పుడే తప్పుకుంది. ప్రత్యర్థి టీమ్ డ్రైవర్ రస్సెల్‌కి చోటు ఇచ్చెయ్యమని వెర్‌స్టాపెన్‌కి రేడియోలో అతని టీమ్ చెప్పింది. టీమ్ ఆర్డరే, కానీ తప్పేమీ కాదు. రేసు ఫలితాన్ని మార్చే టీమ్ ఆర్డర్లపై 2003లో పెట్టిన నిషేధాన్ని కూడా 2011కి ఎత్తేశారు. నిషేధం ఉన్నప్పుడు, 2010లో హాకెన్‌హైమ్‌ రేసులో, తోటి డ్రైవర్ ఫెర్నాండో అలోన్సోకి దారివ్వాలని ఫెరారీ టీమ్ మాసాతో అన్నది "ఫెర్నాండో నీకంటే వేగంగా ఉన్నాడు" అనే. ఆజ్ఞ అనే మాటే అందులో లేదు, అయినా లక్ష డాలర్ల జరిమానా పడింది. అలాంటి మాటల్ని ఎన్నాళ్లని పట్టుకుంటారు?

సరే, అయిదో మలుపు. వెర్‌స్టాపెన్ స్పీడు తగ్గించాడు, రస్సెల్ పక్కకొచ్చాడు, అంతలో ఇతను మళ్లీ యాక్సిలరేటర్ తొక్కి ఆ కారును గుద్దాడు. స్టీవార్డులు, అంటే రేసులో తప్పొప్పులు తేల్చేవాళ్లు, అతని రేసు సమయానికి పది సెకన్లు కలిపి, లైసెన్స్ మీద మూడు పెనాల్టీ పాయింట్లు వేశారు. సేఫ్టీ కార్ వల్ల కార్లన్నీ గుంపుగా ఉన్నాయి కాబట్టి అయిదోవాడు పదోవాడయ్యాడు. ఛాంపియన్‌షిప్‌లో పది పాయింట్లు రావాల్సిన చోట ఒకటే. వెనకవాడు పాతిక సెకన్ల దూరంలో ఉండుంటే? అదే గుద్దుడు, అదే శిక్ష, పోయేది సున్నా!

టీములకి ఈ లెక్క బాగా తెలుసు. 2024 జెడ్డా రేసులో హాస్ టీమ్ డ్రైవర్ మాగ్నుసెన్‌కి రెండు శిక్షలు కలిపి 20 సెకన్లు పడ్డాయి. పాయింట్లు ఎలాగూ రావని తేలిపోయాక అతను వెనకవాళ్లను అడ్డుకుంటూ నెమ్మదిగా నడిపాడు. ఆ ఖాళీలో తోటి హాస్ డ్రైవర్ హుల్కెన్‌బర్గ్ టైర్లు మార్చుకుని వచ్చి పదో స్థానం దక్కించుకున్నాడు. శిక్ష పడ్డ కారే టీముకి ఆయుధమైంది.

స్టాప్ అండ్ గో అనే శిక్ష కాస్త మేలు. రేసు మధ్యలోనే పిట్‌లోకి (టైర్లు మార్చే చోటికి) రావాలి, పది సెకన్లు కదలకూడదు, మెకానిక్కులు కారును ముట్టుకోకూడదు. పిట్ లేన్ వేగ పరిమితి నష్టం అదనం. 2017 బాకు రేసులో సేఫ్టీ కార్ వెనక హామిల్టన్‌ని చక్రంతో కొట్టినందుకు వెటెల్‌కి ఇదే వేశారు. తర్వాత హెడ్‌రెస్ట్ వదులై హామిల్టన్ కూడా పిట్‌కి రావాల్సి వచ్చింది, చివరికి కొట్టినవాడు నాలుగో స్థానం, దెబ్బతిన్నవాడు అయిదో స్థానం.

నిజంగా భయపెట్టేవి లైసెన్స్ మీద పడే ఆ పెనాల్టీ పాయింట్లే. పన్నెండు నెలల్లో 12 చేరితే ఒక రేసు నిషేధం. మాగ్నుసెన్ అలాగే 2024 బాకు రేసు పోగొట్టుకున్నాడు. బార్సిలోనా తర్వాత వెర్‌స్టాపెన్ ఖాతాలో 11 ఉన్నాయి. పాతవి రెండు జూన్ 30న రాలిపోయేదాకా కెనడా, ఆస్ట్రియా రెండు రేసులూ ఒక్క పాయింటు అంచున నడపాల్సి వచ్చింది.