ఆ దగ్గులు తీసెయ్యకండి

(విజయనగరంలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, కమిటీ పెద్దలకు, ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందుకని మర్యాదలు ఇక్కడితో ఆపేస్తాను.

కరపత్రంలో ‘పాత రికార్డులు ఎలా వినాలి’ అని వేశారు. నేను ఒక్క రికార్డు గురించే మాట్లాడతాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పిన ఊళ్లో వియన్నా సంగీతం ఎందుకు అనుకోకండి. ఫిడేలు విన్న చెవులున్న ఊరు కాబట్టే ఇక్కడ చెప్పాలనిపించింది.

1938 జనవరి 16, ఆదివారం. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మ్యూజిక్‌ఫెరైన్ హాలు. ఆర్కెస్ట్రా వియన్నా ఫిల్హార్మోనిక్, నడిపిస్తున్నది బ్రూనో వాల్టర్. వాయిస్తున్నది సంగీతకర్త గుస్తావ్ మాలర్ తొమ్మిదో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచన. మాలర్ దాన్ని రాసి, ఒక్కసారి కూడా వినకుండా 1911లో పోయాడు. మరుసటి సంవత్సరం ఇదే వియన్నాలో, ఇదే ఆర్కెస్ట్రాతో దాన్ని మొట్టమొదట వినిపించింది ఆయన శిష్యుడు వాల్టరే. వయొలిన్ల వరసలో ముందు కూర్చునే ఆర్నోల్డ్ రోజే అనే ఆయన మాలర్‌కి చెల్లెలి భర్త. 1881 నుంచీ అదే కుర్చీలో ఉన్నాడాయన. అంటే ఆ రోజు వేదిక మీద జరుగుతున్నది ఒక రకంగా ఇంటివాళ్లు తలుచుకోవడమే.

ఆ కచేరీని రికార్డు చేయించినవాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి. 1902లో కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేసింది ఈయనే. మూడు నిమిషాల పాట అయిపోగానే ఆవిడ ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అని చెబుతుంది. ఎక్కడో జర్మనీలో ప్లేట్లు అచ్చువేసేవాళ్లకి ఎవరు పాడారో తెలియాలి కదా, అందుకని. ఆ మాట ఇవాళ వింటే ఒళ్లు జలదరిస్తుంది. పాటంత విలువైనది ఆ మాట. అది పాటలో భాగం కాదని కత్తిరించేస్తే ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకి మళ్లీ వస్తాను.

ముప్ఫై ఆరేళ్ల తర్వాత అదే గైస్‌బర్గ్ వియన్నాలో మైకులు పెట్టాడు. అప్పటికి టేపు లేదు. మైనపు పళ్లెం మీద ముల్లుతో గీయడమే. ఒక పళ్లెం మీద నాలుగు నిమిషాలు, నాలుగున్నర. సింఫనీ చూస్తే 70 నిమిషాలు. కచేరీని మధ్యలో ఆపలేరు కాబట్టి ఒక పళ్లెం నిండబోతుండగానే రెండోదాని మీద మొదలుపెట్టాలి. అలా పది ప్లేట్లు, ఇరవై పక్కలు తయారయ్యాయి. ఈ సింఫనీకి అదే మొట్టమొదటి రికార్డింగు. కొనుక్కున్నవాళ్లు దాన్ని పూర్తిగా వినాలంటే ఇరవైసార్లు లేవాలి.

దాదాపు ఎనిమిది వారాలకి, మార్చి 12న, హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. వాల్టర్ యూదుడు. 1933లోనే జర్మనీలో ఆయన కచేరీలు ఆపించేస్తే ఆస్ట్రియాకి వచ్చినవాడు. ఆ సమయానికి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉండబట్టి దొరకలేదు. వియన్నాలో ఉన్న పెద్దకూతురిని అరెస్టు చేసి, తర్వాత వదిలారు. రోజేని యాభై ఏడేళ్లు కూర్చున్న కుర్చీలోంచి తీసేశారు. ఆయన లండన్ వెళ్లి బతికాడు. ఆయన కూతురు ఆల్మా, ఆవిడా వయొలిన్ విద్వాంసురాలే, నాజీల ఆష్విట్జ్ నిర్బంధ క్యాంపులో ఖైదీ ఆడవాళ్ల ఆర్కెస్ట్రా నడుపుతూ 1944 ఏప్రిల్‌లో అక్కడే పోయింది. వియన్నా ఫిల్హార్మోనిక్‌కి చెందిన ఏడుగురు యూదు కళాకారులు క్యాంపుల్లోనో, ఆ హింస వల్లనో ప్రాణాలు పోగొట్టుకున్నారు. గైస్‌బర్గ్ నమూనా ప్లేట్లు పట్టుకుని వెళ్లి పారిస్‌లో వాల్టర్‌కి వినిపిస్తే, ఆయన విని విడుదలకు ఒప్పుకున్నాడు. దేశం పోయినవాడు, అది పోకముందు అక్కడ చేసిన చివరి కచేరీల్లో ఒకదాన్ని ఒక పరాయి ఊళ్లో కూర్చుని వినడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను ఆ సింఫనీ మొదటిసారి విన్నది క్యాసెట్లో. మా చిన్నాన్న ఓడల్లో ఎలక్ట్రీషియన్. ఏ రేవులో కొన్నాడో, భోగాపురంలో మా ఇంటికి తెచ్చాడు. మొదలే చాలా మెల్లగా ఉంటుంది. చెల్లో, అంటే పెద్ద ఫిడేలు, ఒకే స్వరం పలికి ఆగుతుంది, హార్ప్ తీగల మీద కొన్ని స్వరాలు మీటుతారు. ఆ నిశ్శబ్దంలో హాల్లో ఎవరో దగ్గుతారు. ‘ఎవర్రా దగ్గింది?’ అని మా ఇంట్లో వెనక్కి తిరిగి చూశాం. చిన్నాన్న నవ్వలేదు. ‘ఆ దగ్గు వియన్నాలోది రా, జనవరి చలి’ అన్నాడు.

ఆ దగ్గిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. మార్చి తర్వాత ఏ వీధిలో ఉన్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. ఆయన ఆనవాలు నా దగ్గర ఉన్నది ఆ దగ్గు ఒక్కటే. ఇప్పుడు కంప్యూటర్లో ఆ దగ్గులు తీసేస్తున్నారు. గరగర తీసేస్తున్నారు. ‘క్లీన్ చేశాం’ అంటారు. గరగరతో పాటు ఫిడేళ్ల పైస్థాయి కూడా ఊడ్చుకుపోతుంది. చెవికి తేడా తెలుస్తుంది, హాలు ఖాళీ అయిపోయినట్టుంటుంది.

ఈ కోపం నాకు వియన్నా వల్ల వచ్చింది కాదు. చెప్పేస్తాను.

1986లో చిన్నాన్న తన టేప్‌రికార్డర్‌తో మా మామ్మ పాటలు రికార్డు చేశాడు. మంగళహారతులు, తత్వాలు, మొత్తం గంట. పెరట్లో కూర్చోబెట్టి చేశాడు. నూతి గిలక కిర్రుమంటుంది. పెయ్య అరుస్తుంది. ప్రతి పాట చివరా చిన్నాన్న గొంతు, ‘అమ్మా, ఇంకోటి’. ఆయన పోయాక ఆ గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్లి వీడియోలోనూ లేదు. టేపు పాడవుతోందని భయపడి ఒక స్టూడియోలో సీడీ చేయమని ఇచ్చాను. వారం తర్వాత సీడీ చేతిలో పెట్టి, ‘శుభ్రంగా చేశానండీ, డిస్టర్బెన్స్ మొత్తం తీసేశాను’ అన్నాడా కుర్రాడు. మామ్మ పాటలున్నాయి. గిలక లేదు. పెయ్య లేదు. చిన్నాన్న లేడు. క్యాసెట్ ఏదని అడిగితే, పని అయిపోయింది కదా అని దాని మీద వేరే ఏదో ఎక్కించేశాడట. అతని మీద ఎంత అరిచానో ఇవాళ్టికీ గుర్తుంది. తప్పు నాది కూడా. ఏది ఉంచాలో నేను చెప్పలేదు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. అయిపోవచ్చిందండి.

వాల్టర్ 1961లో, ఎనభై నాలుగేళ్ల వయసులో, అమెరికాలో ఇదే సింఫనీ స్టీరియోలో మళ్లీ రికార్డు చేశాడు. ఎక్కడా గరగర లేదు, ప్రతి వాద్యం విడివిడిగా వినబడుతుంది. నిడివి 80 నిమిషాలు దాటింది. కొత్తగా వినేవాళ్లకి నేను ముందు అదే ఇస్తాను. 1938 దాంట్లో తడబాట్లున్నాయి, కొన్నిచోట్ల వాద్యాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ సంగీతం వాళ్ల చేతులకి అంత అలవాటైంది కాదు. అయినా రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు నా చెయ్యి 1938 మీదికే వెళుతుంది. ఆఖరి భాగం 1961లో 21 నిమిషాలు, 1938లో 18. ఆ 18 నిమిషాల్లో తొందర ఉందంటారు కొందరు. నాకు తొందర వినబడదు. ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా నడుస్తున్నట్టు వినబడుతుంది.

మీలో ఎవరి అటక మీదైనా కుక్కబొమ్మ ఉన్న పాత గ్రామఫోన్ ప్లేట్లున్నా, అమ్మమ్మ గొంతున్న క్యాసెట్లున్నా దయచేసి పాత సామాన్లవాడికి వెయ్యకండి. ఈ గ్రంథాలయానికి తీసుకురండి, నేను నెలకి రెండు ఆదివారాలు వచ్చి కూర్చుంటాను. ఉన్నది ఉన్నట్టు ఎక్కిద్దాం. ఒక్క చప్పుడూ తియ్యొద్దు. ఎక్కించాక కూడా అసలు ప్లేటు, అసలు టేపు మీ చేతికే ఇస్తాను. ఈ మాట రాసి ఇమ్మంటే రాసి సంతకం పెడతాను.

ఇప్పుడు ఆ ఆఖరి భాగం వేస్తున్నాను. చివరి పేజీలో తీగ వాద్యాలే మిగులుతాయి. అవీ ఒకటొకటిగా తగ్గిపోతాయి. స్వరానికీ స్వరానికీ మధ్య చాలాసేపు ఏమీ ఉండదు, సెట్టు పాడైందని అనుకోకండి. బాబూ, ఆ ఫ్యాన్లు కట్టెయ్యి. వీధి తలుపు మాత్రం తెరిచే ఉంచు.